గుడ్లు చూసే కిటికీ

ఆ ఎండాకాలం మా నానమ్మ కోళ్ళకు గుండీలు చల్లింది.

అదీ పట్టపగలు. వంటింటి గుమ్మం పక్క గట్టు మీద రెండు రేకు డబ్బాలుండేవి. ఒకదాంట్లో నూకలు, రెండోదాంట్లో అమ్మ కుట్టుమిషను గుండీలు. నానమ్మ తడుముకోకుండా చెయ్యి పెట్టి, గుప్పిడి నింపుకుని, "బో బో బో" అంటూ పెరడంతా చల్లింది. తొమ్మిది పెట్టలూ పుంజూ ఎగిరొచ్చి ఒక్క పోటు పొడిచాయి. తర్వాత తలలెత్తి, కోళ్ళు చూసే పద్ధతిలో ఒక్కో కంటితో నానమ్మ వంక చూశాయి. మట్టిలో తెల్లవి, నీలివి, రెండు చిల్లులవి, నాలుగు చిల్లులవి మెరుస్తున్నాయి.

అమ్మ మిషను ఆపి బయటికొచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసింది.

"అత్తయ్యా, వీటికి కూడా చొక్కాలు కుట్టమంటారా?"

"ఏది తినాలో ఏది తినకూడదో వాటికీ తెలియాలి కదమ్మాయ్. పరీక్ష పెట్టాను" అంది నానమ్మ, తొణక్కుండా.

నేనూ అమ్మా ఎండెక్కేదాకా వంగి గుండీలు ఏరాం. ఎర్రపెట్ట మాత్రం పరీక్ష తప్పింది. ముత్యం రంగు గుండీ ఒకటి మింగేసింది. అది మళ్ళీ బయటికి రాలేదు. పెట్టకీ ఏమీ కాలేదు. ఎదురింటి కండక్టరు తాతయ్య, బస్సు దిగి ఆరేళ్ళయినా వీధిలో అందరికీ ఇంకా కండక్టరే, సాయంత్రం వచ్చి సంగతంతా విని, ఇక మీదట దాని గుడ్డు పగలగొట్టక్కర్లేదనీ గుండీ విప్పుకుని తినొచ్చనీ అన్నాడు. అందరం నవ్వాం. నాన్న నవ్వలేదు. నాన్న వడ్రంగి. మాటను కాదు, కొలతను నమ్మే మనిషి. రెండు డబ్బాల మధ్య ఎంత దూరముందో వెళ్ళి చూసి వచ్చాడు. జానెడుంది. ఆ వారంలోనే నానమ్మను పట్నంలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. చెయ్యి పట్టుకు నడిపించడానికి నేనూ వెళ్ళాను.

అక్కడ గోడకు ఒక అట్ట. అక్షరాలు రానివాళ్ళ కోసం దాని మీద మూడు పళ్ళ దువ్వెనలాంటి గుర్తులు వేసి ఉన్నాయి. పళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చెప్పాలి. మా వంతు వచ్చేసరికి నానమ్మ గడగడా చెప్పేసింది: పైకి, కుడికి, కిందికి, కుడికి, ఎడమకు. ఒక్కటీ తప్పు పోలేదు. డాక్టరమ్మ నవ్వి, లేచి వెళ్ళి అట్టను తలకిందులు చేసింది. నానమ్మ మళ్ళీ గడగడా అదే చెప్పింది. మా ముందు కూర్చున్న ఏడుగురు చెప్పినవన్నీ విని బట్టీ పట్టేసింది మరి.

కంట్లో చుక్కలు వేసి నానమ్మను పక్క గదిలో కూర్చోబెట్టాక డాక్టరమ్మ నాన్నకూ నాకూ కలిపి చెప్పింది. ఎడమ కన్నులో పొర బాగా ముదిరిపోయిందనీ, ఈ ఎండాకాలం దాటనివ్వొద్దనీ, దాటితే లోపలి నరం దెబ్బతింటుందనీ అంది. అప్పుడు ఆపరేషన్ చేసినా చూపు రాదట. కుడి కన్నూ అదే దారిలో ఉందట.

ఇంటికొచ్చాక నానమ్మ మొదట నవ్వింది, తర్వాత అలిగింది, ఆ తర్వాత అసలు మాట చెప్పింది.

"కత్తి పడ్డ కంట్లో వెలుగు నిలుస్తుందట్రా? అయినా నాకేం రోగం? గుడ్డులో నరం చూసే కన్నురా ఇది. నేను చూసిన గుడ్డు తప్పిందని ఈ వీధిలో ఒక్కళ్ళ చేత చెప్పించు, రేపే వస్తాను."

నాన్న ఎవరి చేత చెప్పిస్తాడు? ఎవరికీ తప్పలేదు. తప్పకుండా చేసింది నేనే.

ఆ సంగతి చెప్పాలంటే మా సామాన్ల గది గురించి చెప్పాలి. దాని తూర్పు కిటికీ రెక్కకు రూపాయి బిళ్ళంత చిల్లు ఉంది. తలుపేస్తే గది చీకటి. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య ఆ చిల్లులోంచి ఎండ చువ్వలా లోపలికి దిగుతుంది. పెట్టను పొదగేసిన ఏడో రోజున నానమ్మ ఒక్కో గుడ్డునూ ఆ చిల్లుకు ఆనించి చూసేది. లోపల పిల్ల కడుతుంటే ఎర్రటి దారాలు సాలెగూడులా అల్లుకుని, మధ్యన ఒక చుక్క కనబడుతుంది. లేకపోతే గుడ్డంతా నారింజ రంగు వెలుగు, అడ్డం లేకుండా. నానమ్మ "ఉంది" అంటే నేను అందుకుని ఎడమ పక్క గడ్డి పరిచిన గంపలో పెట్టాలి. "లేదు" అంటే ఇత్తడి గిన్నెలో పెట్టాలి. అంతే పని. ఒట్టి గుడ్లు తీసేస్తే పెట్ట ఒంటి వేడి మిగతావాటికి సరిగ్గా అందుతుంది. మా గుడ్లే కాదు, వీధిలో కోళ్ళున్న ప్రతి ఇంటి గుడ్లూ ఆ కిటికీ ముందుకు రావలసిందే. పెట్ట మేతకు దిగిన పావుగంటలో చూసి పంపించాలి. మా నానమ్మకు ఊళ్ళో ఉన్న పరపతంతా ఆ పావుగంటలోనే ఉంది.

ఆ ఏడు మొదటిసారి చూసింది కండక్టరు తాతయ్య వాళ్ళ గుడ్లు. మూడో గుడ్డు చిల్లుకు ఆనించి నానమ్మ "ఉంది" అంది. పక్కన నిలబడ్డ నాకు వెలుగు ఇటు నుంచి అటు కనబడుతోంది. దారం లేదు, చుక్క లేదు. నేను గుడ్డు అందుకున్నాను. గిన్నెలో పెట్టాను.

ఎందుకు నోరు విప్పలేదంటారేమో. నోట్లో ముత్యాలున్నాయా, రాలిపోతాయా అని అమ్మ నన్ను దెప్పుతూనే ఉంటుంది. నానమ్మకు ఎదురు చెప్పడం నా వల్ల కాదు. గుడ్డు ఎక్కడ ఉండాలో నా చేతికి తెలుసు. చెయ్యి తన పని తాను చేసింది. ఆ తర్వాత అదే అలవాటయిపోయింది. నానమ్మ "ఉంది" అన్నవి కొన్ని గిన్నెలోకి, "లేదు" అన్నవి కొన్ని గంపలోకి.

కండక్టరు తాతయ్యకు పదమూడుకి పన్నెండు పిల్లలయ్యాయి. ఎప్పుడో దాచుకున్న ఈల తీసి మా గుమ్మం ముందు ఊది, రైట్ రైట్ అన్నాడు. ఇంత బాగా ఎప్పుడూ కాలేదని, వదిన కన్ను ముదిరేకొద్దీ పదునెక్కుతోందని వీధంతా చెప్పి వచ్చాడు. నానమ్మ ఆ మాట నాన్న చెవిన పడేలా నాలుగుసార్లు అడిగి చెప్పించుకుంది. నేను పెరట్లోకి వెళ్ళి, అప్పుడే కడిగిన నీళ్ళ తొట్టి మళ్ళీ కడిగాను.

పందెం పెట్టింది కూడా ఆయనే. తల్లీకొడుకుల వాదన వినలేక తీర్పు చెప్పాడు. మా నల్లపెట్ట పొదుగుకొచ్చింది. దాని కింద పదిహేను గుడ్లు పెట్టాలి. ఏడో రోజున అందరి ముందూ నానమ్మ చూడాలి. "లేదు" అన్నవి అక్కడికక్కడే పగలగొట్టాలి. ఒక్కదాంట్లో ఎర్రదారం కనబడినా నానమ్మ ఓడినట్టు, ఆసుపత్రికి బయల్దేరాలి. "ఉంది" అన్నవాటిలో పిల్ల రానిది ఒక్కటి మిగిలినా అంతే. రెండు పక్కలా తప్పు లేకపోతే నాన్న ఇక ఈ జన్మలో కళ్ళ మాట ఎత్తకూడదు.

"ఒప్పుకున్నాను. నా పక్కన మాత్రం మనవరాలే నిలబడాలి. చెయ్యి మారితే గుడ్డు బెదురుతుంది" అంది నానమ్మ.

గుడ్డు బెదరడమేమిటని నాన్న గొణిగాడు కానీ ఒప్పుకున్నాడు. నాకు మాత్రం లెక్క అర్థమైంది. నేను ఆమె పక్కన ఉన్నంతసేపూ నానమ్మ గెలుస్తుంది. గెలిస్తే కన్ను పోతుంది.

ఆ ఏడు రోజులూ మా ఇంట్లో మహా సందడి. నాన్న నల్లపెట్టకు కొత్త గూడు చేశాడు. దానికి కిటికీ, దాని మీద వాలు కప్పు, లోపలికెక్కడానికి చిన్న మెట్లు. మేము కాపురముంటున్న ఇంటికే అన్ని హంగులు లేవని అమ్మ అంది. పెట్ట ఆ మెట్లెక్కలేదు. ఎప్పటిలా పక్క నుంచి ఎగిరి లోపల కూర్చుంది. నానమ్మ రోజంతా దానితో కబుర్లు చెప్పింది, నువ్వు కూర్చో తల్లీ, మిగతాది నాకు వదిలెయ్యి అని.

నాలుగో రోజు నేను అమ్మ దగ్గరికి వెళ్ళి మిషను పక్కన నిలబడ్డాను. అమ్మ పళ్ళ మధ్య గుండుసూదులున్నాయి. ఏమిటన్నట్టు కనుబొమలెత్తింది. చెప్పాలని నోరు తెరిచాను. ఏ దారం కావాలో తీసుకోమని డబ్బా నా వైపు తోసింది. ఒక నల్లదారం తీసుకుని వచ్చేశాను. ఆ దారంతో చెయ్యాల్సిన పనేమీ లేదు. వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నూతి పక్కన చాలాసేపు కూర్చున్నాను. కోళ్ళు మట్టిలో పొర్లి రెక్కలు దులుపుకుంటున్నాయి. నానమ్మ గోడ పట్టుకుని నడుస్తూ వచ్చి, నా నీడ మీద కాలు వేసి, అక్కడ మనిషున్నట్టు తెలియక దాటి వెళ్ళిపోయింది. నానమ్మా అని పిలిస్తే ఆగేది. పిలవలేదు. అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఏడో రోజు సామాన్ల గదిలో ఐదుగురం. నాన్న, అమ్మ, కండక్టరు తాతయ్య తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డారు. వాళ్ళున్న చోటి నుంచి నానమ్మ వీపు కనబడుతుంది కానీ గుడ్డులోపల కనబడదు. పెట్ట మేతకు దిగింది. నాన్న తలుపేశాడు. ఎండ చువ్వ నానమ్మ ఛాతీ మీద పడింది.

"రైట్" అన్నాడు కండక్టరు తాతయ్య.

మొదటి గుడ్డు. "ఉంది." నిజంగానే ఉంది. గంపలో పెట్టాను. రెండు, మూడు కూడా అంతే. నాలుగో గుడ్డు నిండా ఒట్టి వెలుగే. నానమ్మ "ఉంది" అంది. గంపలోనే పెట్టాను.

నానమ్మ తల కొంచెం నా వైపు వంచింది. కోడి వింటున్నప్పుడు వంచినట్టు. ఐదోది తీసుకుంది. అదీ గంపలోకే వెళ్ళింది.

ఆరో గుడ్డు చిల్లుకు ఆనించగానే లోపలంతా ఎర్రదారాలు. మధ్యన చుక్క. నేను చూస్తుండగానే ఆ చుక్క కదిలింది.

"లేదు" అంది నానమ్మ.

గుడ్డు నా అరచేతిలోకి వచ్చింది. ఇంకా పెట్ట వేడితోనే ఉంది. గిన్నె మీదికి వంగాను. ఎంత మెల్లగా పెడదామనుకున్నా అంచుకు రెండుసార్లు తగిలింది. ఠింగ్, ఠింగ్.

నానమ్మ ఏడో గుడ్డు కోసం చెయ్యి చాపలేదు. కిటికీ వైపే నిలబడి ఉంది. బయట పుంజు ఒకసారి కూసి ఊరుకుంది.

"ఏం వదినా, బండి ఆగింది?" అన్నాడు కండక్టరు తాతయ్య.

"డ్రైవరు మారుతున్నాడు. కాస్త ఆగండి" అంది నానమ్మ.

నా భుజం వెతికి పట్టుకుంది. తను పక్కకు జరిగి నన్ను చిల్లు ముందు నిలబెట్టింది.

"ఆ గిన్నెలోది ముందు చూడు. వెనకవాళ్ళకు వినబడేలా చెప్పు."

గుడ్డు తీసి వెలుగుకు ఆనించాను. చుక్క ఇంకా కదులుతూనే ఉంది. తలుపు వైపు తిరిగాను.

"ఉంది" అన్నాను.

నానమ్మ నా చేతిలోంచి గుడ్డు అందుకుని, గంప అంచు తడిమి, గడ్డిలో పెట్టింది. ముందు చూసిన ఐదు కూడా మళ్ళీ చూడమంది. చూశాను. ఆ తర్వాత మిగిలిన తొమ్మిదీ చూశాను. నేను చెప్పడం, ఆమె పెట్టడం. మొత్తం పదకొండు ఉన్నాయి, నాలుగు లేవు. ఆ నాలుగూ అమ్మ వాకిట్లోకి తీసుకెళ్ళి పగలగొట్టింది. తేటగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ దారం లేదు.

పందెం ఎవరు గెలిచారో ఎవరూ అడగలేదు. కండక్టరు తాతయ్య ఈల జేబులో పెట్టుకుని, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. నానమ్మ గుడ్లను పెట్ట కింద సర్ది వచ్చి, చేతులు కడుక్కుని తుడుచుకుంటూ నాన్ననడిగింది.

"పట్నానికి మొదటి బస్సు ఎన్నింటికిరా?"

"ఆరున్నరకమ్మా."

"అంత పొద్దున్నే కోళ్ళకు మేత ఎవరు వేస్తారు? తర్వాతది చూడు."

ఆపరేషన్‌కు వెళ్ళే రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. నాన్న ముందు సీట్లో కునికిపాట్లు పడుతున్నాడు. ఊరు దాటాక నానమ్మ నా మోకాలి మీద తట్టింది.

"గడ్డిలో పెడితే చప్పుడు రాదు. గిన్నెలో పెడితే వస్తుంది. నేను 'ఉంది' అన్నాక కూడా గిన్నె మోగుతుంటే నాకు తెలీదనుకున్నావా?"

మొదటి నుంచీ తెలుసా అని అడిగాను.

"మొదటి గుడ్డు నుంచీ. ఆ రోజు కోపమొచ్చింది. తర్వాత, పోనీలే, నోరు నాది, కన్ను దానిది, పిల్లలవుతున్నాయి కదా అనుకున్నాను. సుఖంగానే ఉంది."

"మరి మొన్నెందుకు ఆగావు?"

"గిన్నె రెండుసార్లు మోగింది. ఒట్టి గుడ్డయితే నీ చెయ్యెందుకు వణుకుతుంది?" ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "పిల్ల ఉన్న గుడ్డు గిన్నెలో పెట్టేదాకా తెచ్చాను నిన్ను. ఇంక నా మొండితనం చాలనుకున్నాను."

ఆపరేషన్ అరగంట కూడా పట్టలేదు. లోపలికి వెళ్ళేముందు మాత్రం నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, నాలుగు వేళ్ళ గుర్తులూ సాయంత్రం దాకా ఉన్నాయి. మర్నాడు కట్టు విప్పారు. డాక్టరమ్మ వంగి, కనబడుతోందా అని అడిగింది. నానమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇంత చిన్నపిల్లవా నువ్వు? ముందే తెలిస్తే కన్ను చేతికిచ్చేదాన్ని కాదు."

తర్వాత నాన్న వంక తిరిగింది. చాలాసేపు చూసింది.

"తలంతా నెరిసిందేంట్రా?"

"నాలుగేళ్ళయిందమ్మా" అన్నాడు నాన్న. అని, ఆ తలే గోక్కుంటూ గుమ్మం బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పటికి ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఇంటికొచ్చిన నానమ్మతో వేగడం మా వల్ల కాలేదు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గదిగదీ తిరిగింది. మూలల్లో బూజు, గిన్నెల అడుగున మసి, గోడకు నూనె మరక. ఇంత మురికిలో మనుషులం ఎలా బతుకుతున్నామని అడిగింది. అమ్మ కుట్టిన చొక్కా తీసి, చేతి దగ్గర కుట్టు వంకరగా పోయిందని చూపించింది. ఒక్క కన్నే బాగుచేశారు కాబట్టి సరిపోయింది, రెండోదీ చేయిస్తే మేం ఇల్లు ఖాళీ చెయ్యాలేమో అంది అమ్మ, చీపురు పట్టుకుని నవ్వుతూ. రెండో కన్నుకు తారీఖు నానమ్మ అప్పటికే అడిగి వచ్చింది.

పెరట్లోకి వెళ్ళి నాన్న చేసిన గూట్లోకి తొంగి చూసి, "నల్లపెట్ట ఏది?" అంది.

"అదే నానమ్మా."

"ఇది గోధుమరంగుది కదే."

నల్లది పోయి ఏడాది దాటిందనీ, తను దీన్ని నల్లది అని పిలుస్తుంటే మేమూ అలాగే పిలుస్తున్నామనీ చెప్పాను. నానమ్మ అద్దాలు సర్దుకుంది. ఏడాదిగా పలుకుతున్న పేరు ఇప్పుడు మార్చడమెందుకు, నల్లదే అంది.

ఈలోపు కండక్టరు తాతయ్య మరో పెట్టను పొదగేశాడు. ఏడో రోజున గుడ్లు తెచ్చి, తిన్నగా సామాన్ల గది వైపు నడిచి, నన్ను పిలిచాడు. నానమ్మ ఇంకా వంగకూడదు, దుమ్ములో తిరగకూడదు. నేను చూస్తున్నంతసేపూ ఆయన తలుపవతల నిలబడి, వినబడ్డంలేదమ్మా, గట్టిగా, బస్సు వెనక సీటుదాకా వినబడాలి అంటూనే ఉన్నాడు. ఎనిమిదో గుడ్డుకు వచ్చేసరికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మిషను ఆగిన చప్పుడు వచ్చింది. అమ్మ వింటోందనుకుంటాను.

మా కోడిపిల్లలు ఇరవై ఒకటో రోజు తెల్లారేసరికే దిగడం మొదలుపెట్టాయి. మధ్యాహ్నానికి ఆఖరి పెంకు కూడా విరిగింది. మర్నాడు పొద్దున నల్లపెట్ట వాటిని వెంటేసుకుని గూట్లోంచి బయటికి వచ్చింది. పిల్లలు నాన్న చేసిన మెట్ల మీద నుంచి ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ దిగాయి. ఎవరైనా ఆ మెట్లు వాడడం అదే మొదలు. నాన్న పని మానేసి నిలబడి చూశాడు.

నానమ్మకు పెరటి మధ్యన కుర్చీ వేశాం. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని కూర్చుంది. అద్దాలు దించమని అమ్మ అంటే, ఒక్క నిమిషం అంది. పసుపువి, బూడిదరంగువి, వీపు మీద చారలున్నవి ఆమె పాదాల చుట్టూ పరుగులు పెడుతున్నాయి. వేలు చాపి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఏడుదాకా వచ్చేసరికి రెండు కుర్చీ కిందికి దూరాయి. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పదమూడయ్యాయి. అదేమిటని తనే నవ్వి, చారలదాన్ని మూడుసార్లు లెక్కపెట్టానంది. మళ్ళీ మొదటి నుంచి.

అమ్మ లోపలి నుంచి అన్నానికి రమ్మని పిలిచింది. నానమ్మ తలతిప్పకుండా, ఉండమ్మాయ్, ఇవి నిలబడితే కదా అంది.

పదకొండని నాకు తెలుసు. చెప్పలేదు.